మీ కొట్టు లెక్కలకు కాపలా ఎవరు?



ఈ పూట నేను మాట్లాడబోయేది చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్లతో. మీది మందుల హోల్‌సేల్ షాపు కావచ్చు, రైస్ మిల్లు కావచ్చు, ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టు కావచ్చు, పది పడకల నర్సింగ్ హోమ్ కావచ్చు. మీ దగ్గర రెండో మూడో సిస్టములు ఉంటాయి. ఒకదాంట్లో ట్యాలీ, ఇంకోదాంట్లో బిల్లింగ్. ఏదైనా మొరాయిస్తే ఫోన్ చేయగానే బండేసుకుని వచ్చి చూసిపెట్టే కుర్రాడు ఒకడు ఉంటాడు. పని జరిగిపోతోంది, బేరం సాగుతోంది.

మిమ్మల్ని ఒక్క మాట అడగాలి. మీ కంప్యూటర్లో ఉన్న లెక్కలకు కాపలా ఎవరు? చెడిపోయాక బాగుచేసేది ఎవరని అడగడం లేదు. చెడిపోకముందు, రోజూ, ఒక కన్నేసి ఉంచేది ఎవరు? ఆ మనిషి పేరు చెప్పగలరా?

చాలామంది చెప్పలేరు. ఇన్నేళ్లలో వాళ్లనెవరూ ఆ మాట అడగలేదు మరి. ఈ రోజు నేను అడుగుతున్నాను. మాట్లాడుతున్నంతసేపూ అడుగుతూనే ఉంటాను. కాపలా ఎవరు?

ఒక మందుల హోల్‌సేల్ షాపు అనుకుందాం. విజయవాడలో అనుకోండి, వరంగల్లో అనుకోండి. మార్చి నెలాఖరు. ఏడాది లెక్కలు తేల్చే రోజులు. పొద్దున్నే గుమస్తా వచ్చి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి, సిస్టమ్ ఆన్ చేశాడు. ట్యాలీ తెరిస్తే షాపు పేరు కనపడటం లేదు. ఫోల్డర్‌లోకి వెళ్లి చూశాడు. ఫైళ్లన్నీ అక్కడే ఉన్నాయి. కానీ ప్రతి ఫైలు పేరు చివరా ఎన్నడూ చూడని నాలుగైదు అక్షరాలు వచ్చి చేరాయి. ఏది నొక్కినా తెరుచుకోదు. బిల్లులు లేవు, బాకీల జాబితా లేదు, ఏ మందు ఏ నెలతో గడువు తీరుతుందో ఆ వివరమూ లేదు. అదే ఫోల్డర్‌లో చిన్న నోట్‌ప్యాడ్ ఫైలు ఒకటి మాత్రం తెరుచుకుంది. అందులో ఇంగ్లీషులో నాలుగు ముక్కలున్నాయి. మీ ఫైళ్లను లాక్ చేశాం, తిరిగి కావాలంటే ఈ చిరునామాకు మెయిల్ పెట్టండి, డబ్బు బిట్‌కాయిన్లలో పంపండి అని.

దీన్ని ర్యాన్సమ్‌వేర్ అంటారు. మీ ఫైళ్లను మీ దగ్గరే ఉంచి, మీరే చదవలేకుండా చేసి, డబ్బు గుంజే పని. ఈ మధ్య కొందరు లాక్ చేయడానికి ముందే ఒక కాపీ కూడా పట్టుకుపోతున్నారు. డబ్బివ్వకపోతే మీ ఖాతాదారుల వివరాలు బయటపెడతామని ఇంకో బెదిరింపు.

యజమాని వచ్చాడు. మొదట్లో పెద్దగా కంగారు పడలేదు. "బ్యాకప్ ఉందిగా" అన్నాడు. నిజమే, ఉంది. డబ్బులు పెట్టి కొన్న హార్డ్‌డిస్క్ సిస్టమ్ వెనకాల వైరుతో తగిలించే ఉంది. రాత్రీ పగలూ అక్కడే ఉంది. బీరువా తాళంచెవి బీరువాకే వేలాడదీసినట్టు. సిస్టమ్‌లోకి జొరబడ్డ ప్రోగ్రాముకి ఆ హార్డ్‌డిస్క్ కూడా ఇంకో ఫోల్డర్‌లాగే కనిపించింది. దాన్నీ లాక్ చేసేసింది.

ఇంతకీ ఎలా వచ్చారు? రెండేళ్ల కిందట అకౌంటెంట్ ఒకాయన ఇంటి నుంచి పని చేసుకోవడానికి వీలుగా, సర్వీస్ కుర్రాడు రిమోట్ డెస్క్‌టాప్ తెరిచిపెట్టాడు. అంటే ఇంటర్నెట్ ఉన్న ఎక్కడి నుంచైనా ఆ సిస్టమ్‌లోకి రావచ్చు. పాస్‌వర్డ్ షాపు పేరు, పక్కన ఒకటి రెండు మూడు. తర్వాత అకౌంటెంట్ మానేశాడు. కుర్రాడు హైదరాబాద్‌లో వేరే ఉద్యోగంలో చేరాడు. ఆ దారి మాత్రం తెరిచే ఉంది. అది తెరిచి ఉందన్న సంగతే షాపులో ఎవరికీ తెలియదు. ఇలాంటి దారుల కోసం ప్రపంచమంతా వెతికే ప్రోగ్రాములు ఇరవై నాలుగు గంటలూ తిరుగుతుంటాయి. వాటికి మీ పేరు తెలియదు, మీ ఊరు తెలియదు. అందుకే "మనది చిన్న షాపు, మనల్ని ఎవరు చూస్తారులే" అన్న మాట ఇక్కడ పనికిరాదు. ఎవరూ మిమ్మల్ని ఎంచుకుని రారు. పాస్‌వర్డ్ తేలిగ్గా ఉంటే చాలు, లోపలికి వచ్చేస్తారు.

ఇందులో నాకు బాధ కలిగించేది ఒకటుంది. ఆ షాపులో ఎవరూ పని ఎగ్గొట్టలేదు. యజమాని హార్డ్‌డిస్క్ కొన్నాడు. కుర్రాడు అడిగిన పని చేసిపెట్టాడు. అకౌంటెంట్ రాత్రిళ్లు కూర్చుని లెక్కలు రాశాడు. మొత్తాన్నీ కలిపి చూసుకునే మనిషి మాత్రం లేడు. కాపలా లేదు.

బ్యాకప్ మాట ఇంకొంచెం చెప్పుకోవాలి. బ్యాకప్ ఉండటం వేరు. ఆ బ్యాకప్ తెరుచుకోవడం వేరు. దయచేసి ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఉండటం వేరు, తెరుచుకోవడం వేరు.

రెండు హార్డ్‌డిస్కులు పెట్టుకోండి. ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో. వాటిని వారం మార్చి వారం వాడండి. కాపీ తీయడం కాగానే వైరు పీకేయండి. ఇది కాక ఇంటర్నెట్‌లో, క్లౌడ్‌లో ఇంకో కాపీ ఉండాలి. అందులో పాత తేదీల కాపీలు కూడా నిలవ ఉండేలా ఏర్పాటు చేయించుకోవాలి. ఎందుకంటే లాకైపోయిన ఫైలే వెళ్లి మంచి ఫైలు మీద కూర్చుంటే ఆ క్లౌడ్ వల్ల లాభం లేదు. మీ వ్యాపారం కంపెనీగా నమోదై ఉంటే ఇది మీ ఇష్టానికి వదిలేసిన పని కూడా కాదు. కంప్యూటర్లో రాసే ఖాతా పుస్తకాల బ్యాకప్ రోజూ మన దేశంలోని సర్వర్లో ఉండాలని 2022 ఆగస్టులో నిబంధన మార్చారు.

ఇక తెరుచుకోవడం సంగతి. మూడు నెలలకోసారి మీ సిస్టములు చూసే వాళ్లను కూర్చోబెట్టి అడగండి. "బాబూ, పోయిన మంగళవారం నాటి లెక్కలు ఆ కాపీలోంచి తీసి, వేరే సిస్టమ్‌లో నాకు చూపించు." అంతే. చూపించేదాకా మీరు పక్కనే ఉండండి. మంగళవారం అమ్మిన సరుకు బిల్లు ఒకటి చేత్తో పట్టుకుని, తెర మీద అంకెతో పోల్చుకోండి. కలిస్తే బ్యాకప్ ఉన్నట్టు. కలవకపోతే ఇన్నాళ్లూ లేనట్టే. ఈ ఒక్క పనికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు. వ్యాపారం చేసే ప్రతివాళ్లూ చేయగలరు.

పాస్‌వర్డ్ దగ్గరికి వస్తే, బ్రిటన్‌లో ఒక లారీల కంపెనీ ఉండేది. నైట్స్ ఆఫ్ ఓల్డ్ అనే పేరుతో 1865 నుంచి సరుకులు చేరవేసింది. తర్వాత కేఎన్‌పీ అనే గ్రూపులో భాగమైంది. సుమారు 500 లారీలు. 158 ఏళ్ల వ్యాపారం. 2023లో ఒక ఉద్యోగి పాస్‌వర్డ్‌ను ఊహించి నేరగాళ్లు లోపలికి వచ్చారని భావిస్తున్నారు. లెక్కలు లాకైపోయాయి, బ్యాకప్పులూ పోయాయి. కంపెనీ మూతపడింది. సుమారు 700 మంది ఉద్యోగాలు పోయాయి. ఆ పాస్‌వర్డ్ తనదేనన్న సంగతి ఆ ఉద్యోగికి కంపెనీ డైరెక్టర్ చెప్పలేదట. చెప్పి ఏం చేయగలడు? ఆ భారం ఒక మనిషి మోయగలిగేది కాదు. ఒక్క పాస్‌వర్డ్ మీద అంత వ్యాపారాన్ని నిలబెట్టిందే అసలు లోపం. పాస్‌వర్డ్ కొట్టాక ఫోన్‌కి వచ్చే రెండో అంకె కూడా అడిగేలా పెట్టుకుని ఉంటే, ఊహించిన పాస్‌వర్డ్ ఒక్కటే చాలేది కాదు.

మరి ఆ రెండో అంకె, ఆ ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుంది? ఇది మీరు ఇవాళే చూసుకోవాల్సిన సంగతి. చాలా షాపుల్లో జీఎస్టీ లాగిన్‌కి వచ్చే ఓటీపీ యజమాని ఫోన్‌కి రాదు. ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేసే అసిస్టెంట్ ఫోన్‌కి వస్తుంది. ఎప్పుడో రిజిస్ట్రేషన్ చేయించిన రోజున ఆ నంబరు ఇచ్చేశారు. ఆ అబ్బాయి మంచివాడే అనుకుందాం. రేపు ఆ ఉద్యోగం మానేస్తే? సిమ్ మార్చేస్తే? మీ వ్యాపారానికి గుర్తింపులాంటి ఆ లాగిన్ మీ చేతిలో లేదన్నమాట. జీఎస్టీ, బ్యాంకు, షాపు మెయిల్, ఈ మూడింటి ఓటీపీ మీకో, మీ ఇంట్లో నమ్మకమైన మనిషికో రావాలి.

మెయిల్ అన్నాను కాబట్టి ఒక మోసం గురించి చెప్పాలి. దీనికి వైరస్ కూడా అక్కర్లేదు. గుంటూరు నుంచి మిర్చి ఎగుమతి చేసే వ్యాపారి అనుకుందాం. సరుకు ఓడెక్కింది. అవతల దేశంలో కొనుగోలుదారు డబ్బు పంపాలి. ఈలోగా ఆయనకు వ్యాపారి పేరుతోనే ఒక మెయిల్ వెళ్లింది. "మా బ్యాంకు ఖాతాలో ఆడిట్ జరుగుతోంది, ఈసారికి ఈ కొత్త ఖాతాకు పంపండి." ఇన్‌వాయిస్ అదే, ముద్ర అదే, సంతకం అదే. మెయిల్ చిరునామా కూడా అదే అనిపిస్తుంది. కానీ అందులో ఇంగ్లీషు ఎం అక్షరం ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన ఉన్నాయి. చిన్న అక్షరాల్లో రాస్తే ఆ రెండూ కలిసి అచ్చం ఎంలాగే కనిపిస్తాయి. ఫోన్ తెర మీద కళ్లజోడు పెట్టుకున్నా పోల్చలేం. డబ్బు వెళ్లిపోతుంది. సరుకు పోయె, డబ్బూ పోయె. ఏళ్ల తరబడి నమ్మకంగా బేరం చేసుకున్న ఇద్దరి మధ్య తగువు మిగులుతుంది.

దీనికి మందు ఒకటే. బ్యాంకు ఖాతా మారిందని ఎవరు చెప్పినా, ఎంత దగ్గరివాళ్లు చెప్పినా, ఫోన్ చేసి అడగండి. ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు చేయకండి. మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు చేయండి. మళ్లీ చెబుతున్నాను. ఖాతా మారిందంటే, పాత నంబరుకు ఫోన్. మీ పార్టీలకు కూడా ఇదే మాట ముందే చెప్పి ఉంచండి.

మెయిల్‌తో వచ్చే నష్టం ఎంతదాకా పోతుందో హైదరాబాద్‌లోనే చూశాం. 2022 జనవరిలో మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సర్వర్లలోకి జొరబడి 12 కోట్ల రూపాయలకు పైగా దోచుకున్నారు. దానికి కొన్ని వారాల ముందు సిబ్బందికి వచ్చిన మెయిళ్లతోనే అది మొదలైందని పోలీసులు తేల్చారు. మరుసటి ఏడాది రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా కూడా వేసింది. దోచుకున్నది దొంగలే. అయినా ఇల్లు సరిగా చూసుకోలేదని యజమానిని కూడా అడుగుతారు.

సరే, ఇవన్నీ ఎవరు చూడాలి? మీరు పొద్దున్నుంచి రాత్రిదాకా కౌంటర్లో ఉంటారు. సరుకు తెచ్చుకోవాలి, బాకీలు వసూలు చేసుకోవాలి. రోజూ సిస్టములు చూస్తూ కూర్చోలేరు. అక్కడే మళ్లీ నా ప్రశ్న. కాపలా ఎవరు?

మీలో చాలామందికి ఏఎంసీ, అంటే ఏడాది నిర్వహణ ఒప్పందం ఉంటుంది. ఏడాదికింత అని మాట్లాడుకుంటారు. ఆ కాగితం ఒకసారి తీసి చదవండి. ఎక్కువగా అందులో ఉండేది ప్రింటర్, మానిటర్, సిస్టమ్ చెడిపోతే వచ్చి చూస్తాం అని. బ్యాకప్ గురించి ఉండదు. అప్‌డేట్ల గురించి ఉండదు. ఎవరు లోపలికి వస్తున్నారో, ఎవరు బయటికి వెళ్తున్నారో చూస్తామని ఉండదు. పాపం ఆ కుర్రాణ్ని ఏమనడానికి లేదు. మీరు డబ్బిచ్చింది బాగుచేయడానికి. కాపలాకి ఇవ్వలేదు.

ఇప్పుడు ఇంకో రకం సేవ వచ్చింది. మేనేజ్డ్ ఐటీ సర్వీసెస్ అంటారు. నెలకు, ఒక్కో సిస్టమ్‌కి ఇంత అని తీసుకుంటారు. మీ ప్రతి సిస్టమ్‌లో చిన్న ప్రోగ్రాం ఒకటి పెడతారు. వాళ్ల ఆఫీసులో కూర్చునే చూస్తారు. ఏ సిస్టమ్‌లో అప్‌డేట్ ఆగిపోయింది, నిన్న రాత్రి బ్యాకప్ పూర్తయిందా లేదా, యాంటీవైరస్ ఎవరైనా ఆపేశారా, అర్ధరాత్రి ఎవరైనా లాగిన్ అవుతున్నారా. ఇందులో నాకు నచ్చినది ఒకటుంది. సిస్టమ్ చెడిపోతే వచ్చి డబ్బు తీసుకునే మనిషికి, మీ సిస్టమ్ ఎన్నిసార్లు చెడిపోతే అంత పని. నెల జీతంలా తీసుకునే మనిషికి, మీ సిస్టమ్ చెడిపోతే దండగ. తన టైమే పోతుంది. అంటే మీ మేలు, ఆయన మేలు ఒకే వైపు ఉంటాయి.

అప్‌డేట్ అంటే విసుక్కుంటాం. బిల్లు కొట్టే వేళకు అది మొదలవుతుంది, షాపులో జనం నిలబడతారు. కానీ 2017 మే నెల గుర్తు చేసుకోండి. వనాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ నూట యాభైకి పైగా దేశాల్లో కంప్యూటర్లను పట్టుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన రంధ్రాన్ని మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది. రెండు నెలలు! వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. వేసుకోనివాళ్లు చిక్కుకున్నారు. ఈ రోజుకీ చాలా షాపుల్లో విండోస్ 10 సిస్టములే ఉన్నాయి. వాటికి మామూలుగా వచ్చే అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. మీ సిస్టమ్ సంగతేమిటో రేపే కనుక్కోండి. ఇక క్రాక్ వేసిన సాఫ్ట్‌వేర్ ఉంటే, దయచేసి తీసేయించండి. ఆ క్రాక్ వేసేటప్పుడు మొదట ఏం చేయమంటారో మీ గుమస్తాను అడగండి. యాంటీవైరస్ ఆపమంటారు. కాపలావాణ్ని బయటికి పంపితేగానీ లోపలికి రాని చుట్టం, మంచి చుట్టం కాదు.

అయితే నెలవారీ సేవ పెట్టుకోగానే అంతా అయిపోయిందనుకోవద్దు. కాపలా పెట్టాక, ఆ కాపలా మీదా ఒక కన్ను ఉండాలి. 2024 జులై చివర్లో మన దేశంలో సుమారు 300 చిన్న బ్యాంకుల్లో, సహకార బ్యాంకులూ గ్రామీణ బ్యాంకులూ కలిపి, చెల్లింపులు ఆగిపోయాయి. ఆ బ్యాంకులేవీ తప్పు చేయలేదు. వాళ్లందరికీ సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ అనే సంస్థపై ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగింది. మిగతావాళ్లకు పాకకుండా జాతీయ చెల్లింపుల సంస్థ సీ-ఎడ్జ్‌ను తన వ్యవస్థ నుంచి తాత్కాలికంగా విడదీసింది. మర్నాటికి మళ్లీ కలిపారు. కానీ ఆ ఒక్క రోజు, ఖాతాలో డబ్బుండి కూడా యూపీఐ పనిచేయక జనం నిలబడిపోయారు. అంతకుముందు 2021లో స్వీడన్‌లో కూప్ అనే సూపర్‌మార్కెట్ల సంస్థ కూడా ఇలాగే వందల దుకాణాలు మూసుకుంది. అక్కడా దాడి నేరుగా దుకాణాల మీద జరగలేదు. దూరం నుంచి సిస్టములను చూసుకునే సాఫ్ట్‌వేర్ గుండా వచ్చింది.

కాబట్టి సేవ తీసుకునే ముందు మొహమాటం లేకుండా అడగండి. మా పాస్‌వర్డులు మీ దగ్గర ఎక్కడ దాస్తారు? మీ ఉద్యోగి మానేస్తే ఆ రోజే మారుస్తారా? మా సిస్టమ్‌లోకి మీరు వచ్చిన ప్రతిసారీ నమోదవుతుందా? రేపు మేం మిమ్మల్ని మానుకుంటే మా డేటా, మా పాస్‌వర్డులు మాకు అప్పగిస్తారా? జవాబులు కాగితం మీద తీసుకోండి. జవాబు చెప్పడానికి చిరాకు పడేవాళ్లయితే ఇంకొకరిని చూసుకోండి.

ఒక్క షాపుకు అంత ఖర్చు భారం అనుకుంటే, ఇంకో ఆలోచన. మన ఊళ్లలో వర్తక సంఘాలున్నాయి. కెమిస్టుల సంఘం, రైస్ మిల్లర్ల సంఘం, బంగారు వర్తకుల సంఘం. బజారుకు రాత్రి గస్తీ పెట్టుకోవాలంటే తలా కాస్త వేసుకుంటారు కదా. అలాగే ఒక పాతిక షాపులు కలిసి ఒక సర్వీసు సంస్థతో మాట్లాడుకోవచ్చు. ఇది జరగాలని నాకు చాలా కోరిక. మీ సంఘం తర్వాతి సమావేశంలో ఈ మాట ఎత్తండి.

చివరిగా, జరగరానిది జరిగితే మొదటి గంటలో ఏం చేయాలి?

ఫైళ్లు లాకైనట్టు కనిపిస్తే ముందు నెట్ వైరు పీకండి, వైఫై ఆపండి. పక్క సిస్టములకు పాకకుండా. హార్డ్‌డిస్క్ తగిలించి ఉంటే తీసేయండి. తెర మీద ఉన్నదాన్ని ఫోన్‌తో ఫొటో తీయండి. డబ్బు పంపకండి. పంపితే ఫైళ్లు తిరిగి వస్తాయన్న హామీ ఎక్కడా లేదు. సిస్టమ్‌ను వెంటనే ఫార్మాట్ చేయించకండి. ఇది చాలామంది తొందరలో చేసే పని. ఫార్మాట్ చేస్తే ఆధారాలూ పోతాయి, ఫైళ్లూ పోతాయి. యూరప్ పోలీసులు, మరికొన్ని సంస్థలు కలిసి నడిపే నో మోర్ ర్యాన్సమ్ అనే వెబ్‌సైటులో కొన్ని రకాల ర్యాన్సమ్‌వేర్‌కు విడిపించే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. ఇవాళ దొరకనిది కొన్నాళ్ల తర్వాత దొరకవచ్చు. అందుకని లాకైన ఫైళ్లను పక్కన దాచి ఉంచండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కు ఆరు గంటల్లోపు తెలియజేయాలన్నది 2022 నుంచి ఉన్న నిబంధన. మీ సర్వీసు వాళ్ల చేత ఆ పని చేయించండి.

డబ్బు పోతే మాత్రం సర్వీసు వాళ్ల కోసం ఎదురుచూడకండి. వెంటనే ఫోన్ తీసి 1930కి చేయండి. ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా. దేశమంతటికీ అదే నంబరు. సిగ్గుపడకండి, రేపు చూద్దామనుకోకండి. పోయిన డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారుతూ ఉంటుంది. మీరు ఎంత త్వరగా చెబితే మధ్యలో ఎక్కడో ఒకచోట ఆపే వీలు అంత ఉంటుంది. ఫోన్ చేసేటప్పుడు ఏ బ్యాంకు నుంచి పోయింది, ఎంత పోయింది, ఏ తేదీన ఏ వేళకు, ట్రాన్సాక్షన్ నంబరు ఎంత, ఈ నాలుగూ దగ్గర పెట్టుకోండి. ఆ నంబరు ఇంకోసారి చెబుతాను, కౌంటర్ పక్కన గోడ మీద రాసి పెట్టుకోండి. ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా.